మాల తీసే రోజు

ఈ పూటకి మా ఆయన బాగానే ఉన్నారు. రేపటి మాట నన్ను అడగొద్దు, నాకు తెలియదు.

ఇది రాయడానికి కారణం మా వీధి చివర ఉన్న బట్టల కొట్టు. ఆశ్వయుజం ఇంకా వెళ్ళనే లేదు, కొట్టాయన అప్పుడే నల్ల పంచెలు, నల్ల కండువాలు తెచ్చి గుమ్మానికి వేలాడదీశాడు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళ కోసం. వాటిని చూస్తే మా వీధి ఆడవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. మాలలో ఉన్నన్నాళ్ళూ మగాడు తాగడు, తిట్టడు, వేళకి ఇంటికొస్తాడు. ఒక మండలం పాటు ఇల్లు ఇల్లులా ఉంటుంది. నేను మాత్రం ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళడం మానేసి వెనక వీధిన తిరిగొస్తున్నాను.

ఈ వారంలో ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ఇద్దరిదీ ఒకటే మాట. "మీ ఆయన మాల వేసుకునే గదా మానేశాడు రత్నం, ఈ ఏడు మా ఆయన చేత కూడా వేయించేద్దామని." వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి చెప్పగలిగినంత చెప్పాను. సగం విన్నారు, విన్నదాంట్లో సగం నమ్మలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పదో తరగతితో బడి మానేసినదాన్ని, రాత అలవాటు తప్పింది. అయినా చీర మీద మామిడిపిందె వెయ్యగలిగినదానికి నాలుగు ముక్కలు రాయడం రాకపోదు.

నిరుడు, ఆశ్వయుజం

మాది ఉప్పాడ. ఇంట్లోనే, గుంటలోకి దిగి కూర్చునే మగ్గం మీద జాందానీ చీరలు నేస్తాం. ఆ చీరకి ఇద్దరు కావాలి. పక్కపక్కన కూర్చుని, పువ్వో పిందో, బుటా వచ్చిన చోటల్లా రంగు దారాన్ని వేళ్ళతోనే ఎక్కిస్తూ, ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ పోవాలి. మా ఆయన సత్తిబాబు ఎడమ పక్క, నేను కుడి పక్క. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేము మాట్లాడుకున్నదానికన్నా దారాలు అందుకున్నదే ఎక్కువ. "అందుకో" అంటారాయన, నేను అందుకుంటాను. కోపాలు వచ్చి రోజుల తరబడి మాటలు లేనప్పుడు కూడా ఆ ఒక్క మాట మాత్రం ఉండేది.

ఆయన తాగుతారు. అందరిలాగే సాయంత్రాలు మొదలైంది. అది పొద్దుటి పూటకి ఎప్పుడు పాకిందో సరిగ్గా చెప్పలేను. పొద్దున్న లేచేసరికి చేతులు వణికేవి. దారం పట్టుకుంటే జారిపోయేది. కాస్త మందు పడితే వణుకు ఆగేది, ఆ తరవాత బుటా బ్రహ్మాండంగా వచ్చేది. తాగితే పని చెడుతుందని ఊళ్ళో అంటారు. మా ఇంట్లో తాగకపోతే పని చెడేది. చేతులు కుదురుగా ఉన్నాయి కదా అనుకున్నాం గానీ, ఆ కుదురు ఎక్కడ్నుంచి వస్తోందో, అది ఒక రోజు రాకపోతే ఏమవుతుందో మాకెవరికీ తట్టలేదు.

మాల వేసుకుంటానని ఆయనే అన్నారు. మా అత్తయ్య పోరు కాదు, నా పోరూ కాదు. ఆరో తరగతి చదివే మా అమ్మాయి బడి నుంచి వచ్చి, "నాన్నా, రేపు పేరెంట్స్ మీటింగుకి అమ్మ ఒక్కత్తీ వస్తే చాలు" అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. పుస్తకాల సంచీ మేకుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆయన తాగి వచ్చి మా అత్తయ్య ముందు కూర్చున్నారు.

"అమ్మా, ఈ ఏడు మాలేసుకుంటానే. ఇంక ముట్టుకోను."

"నిజంగానేరా?"

"పిల్ల మీద ఒట్టే."

మా అత్తయ్య అప్పటికప్పుడు లేచి కాళ్ళు కడుక్కుని దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేనూ వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. చాలా కాలం తరవాత మేమిద్దరం ఒకే సంగతికి సంతోషించాం.

కార్తీకం మొదట్లో

గుడిలో గురుస్వామి గారు మాల వేశారు. ఆయన బియ్యం వ్యాపారం చేస్తారు, ఏటా మా ఊరి నుంచి ఒక బస్సెడు మందిని శబరిమలకి తీసుకెళ్ళి తీసుకొస్తారు. మెత్తటి మనిషి. మాల మెళ్ళో పడగానే మా ఆయన పేరు పోయి స్వామి అయ్యారు. అది పద్ధతి. పెళ్ళాం కూడా స్వామీ అనే పిలవాలి, ఆయన పెళ్ళాన్ని కూడా అమ్మా అనే పిలవాలి. ముందు రోజు దాకా "ఒరేయ్ సత్తిగా" అన్న కిళ్ళీకొట్టు నాగేశ్వర్రావు, "స్వామీ, కాసిని పాలు తాగుతారా" అని లేచి నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. మా ఆయనకి మర్యాద ఇవ్వడం ఈ ఊరికి ఇంత సుళువైన పనా అనిపించింది.

మర్నాడు తెల్లవారుతూనే చన్నీళ్ళ స్నానం చేసి వచ్చారు. చేతులు వణుకుతున్నాయి. "చలి గదా" అంది మా అత్తయ్య. మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంది, వణుకు తగ్గలేదు. నుదుటి మీద విభూతి చెమటకి కారిపోతోంది. స్వాములందరితో పాటు భోజనానికి కూర్చుని అన్నం కలపబోతే మెతుకులు ఆకు బయట పడ్డాయి. తినకుండా లేచారు. "ఒంటిపూట భోజనం కదమ్మా, ఒళ్ళు అలవాటు పడాలి" అన్నారు గురుస్వామి గారు. ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. నాకు తోచింది మాత్రం బయటికి చెప్పేది కాదు. మాలలో ఉన్న మనిషి దగ్గర మందు మాట ఎత్తడం అపచారం.

ఆ సాయంత్రం గుడి ముందు పందిట్లో భజన. ఆడవాళ్ళం ఒక పక్కన కూర్చున్నాం. పాట అందుకున్నారు, తాళాలు జోరందుకున్నాయి. మా ఆయన ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు గానీ రెండు చేతులూ ఒకదాన్నొకటి కలవడం లేదు. ఉన్నట్టుండి ఒళ్ళు బిగుసుకుపోయి, ఒక్క అరుపు అరిచి వెనక్కి పడ్డారు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి.

"స్వామి వచ్చారు" అన్నారెవరో.

భజన ఆగలేదు సరికదా ఇంకా పెరిగింది. కర్పూరం వెలిగించారు. శరణుఘోషతో పందిరి అదిరిపోయింది. ఒక్కొక్కరే వచ్చి కొట్టుకుంటున్న ఆ కాళ్ళకి దణ్ణం పెట్టారు. నాగేశ్వర్రావు పెట్టాడు. మా అత్తయ్య కన్నకొడుకు కాళ్ళకి మొక్కి కళ్ళు తుడుచుకుంది. నేనూ వెళ్ళి వంగాను. వంగినప్పుడు చూశాను, ఆయన నల్ల పంచె తడిసిపోయి ఉంది. నోటి పక్క నుంచి నెత్తురు కారుతోంది, నాలిక కొరుక్కున్నారు. దేవుడు ఒంటి మీదికి వచ్చిన మనిషి పంచె ఎందుకు తడుపుకుంటాడు? నా చేతిలో తువ్వాలు ఉంటే ఆయన నడుము మీద కప్పాను. ఎంత భయం వేసిందంటే, అంతమంది మధ్య కూర్చుని కూడా నేను ఒక్కదాన్నే ఉన్నట్టనిపించింది.

కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. ఆయన గురక పెడుతూ పడుకుండిపోయారు. "స్వామి శాంతించారు" అని అందరూ ప్రసాదం తీసుకుని వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న గోడ నిండా చీమలున్నాయన్నారు. ఒక్కటీ లేదు. తలుపు వెనక ఎవరో నిలబడ్డారన్నారు. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను కాఫీ గ్లాసు పట్టుకుని దగ్గరికి వెళితే, "ఎవరండి మీరు?" అని మర్యాదగా అడిగారు. మా అత్తయ్య గురుస్వామి గారికి కబురు పెడదామంది. నేను ఆటోని పిలిచాను. పిల్లని పిఠాపురంలో మా ఆడపడుచు దగ్గరికి పంపించాను.

పెద్దాసుపత్రి

ఆటో సముద్రం పక్క రోడ్డు మీదుగా వెళ్ళింది. ఆ రోడ్డు ఎన్నిసార్లు వేసినా సముద్రం కోసేస్తుంది, దారంతా రాళ్ళు. మా ఆయన అటే చూస్తూ కూర్చున్నారు. "వస్తోంది" అన్నారు. ఏం వస్తోందండీ అంటే, "కనబడట్లేదా, వస్తోంది" అన్నారు మళ్ళీ. కెరటాలు ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. నేను ఆటో అబ్బాయిని కాస్త తొందరగా పోనివ్వమన్నాను.

ఆసుపత్రిలో చీటీ రాయించుకుని, ఆయన్ని మధ్యలో పెట్టుకుని మా అత్తయ్యా నేనూ బల్ల మీద కూర్చున్నాం. నల్ల బట్టల్లో ఉన్న మనిషి అని జనం జరిగి చోటిచ్చారు. లోపల ఒక కుర్ర డాక్టరు గారు గబగబా అడుగుతున్నారు. ఇంతకు ముందు ఫిట్సు వచ్చాయా, తలకి దెబ్బ తగిలిందా, షుగరుందా. అన్నిటికీ లేదండి అన్నాను. "మందు అలవాటుందా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"అదేం మాట బాబూ, స్వామి మాలలో ఉన్నారండి."

డాక్టరు గారు మాల వైపు చూసి తల ఊపి, స్కానింగుకి రాశారు. మా అత్తయ్య అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో తాగింది సత్తిబాబు, ఇక్కడ పడుకున్నది స్వామి. నాకూ ఆ లెక్క మొన్నటిదాకా ముచ్చటగానే ఉంది.

మగవాళ్ళ వార్డులో మంచం ఇచ్చారు. పక్క మంచం మీద ప్రకాశం గారని మండపేట మనిషి. రైసు మిల్లులో బస్తాలు మోసేవారట. కాళ్ళు, పొట్ట వాచిపోయి, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఆయన భార్య సువార్తమ్మ గారు మంచం కింద ఒక సంచీ, ఫ్లాస్కు, బైబిలు పెట్టుకుని, ఆ వార్డులోనే పుట్టి పెరిగినంత ధీమాగా తిరుగుతోంది. నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో, ఏ సిస్టరు గారు విసుక్కోరో, అన్నీ నాకు చెప్పింది. మా ఆయన్ని ఒకసారి తేరిపార చూసి, తన సంచీ జరిపి నాకు చోటిచ్చింది.

సాయంత్రం రౌండ్సుకి ఒక డాక్టరమ్మ వచ్చారు. మా ఆయన చేతులు ముందుకి చాపించి చూశారు. మా అత్తయ్య బయటికి టీకి వెళ్ళింది.

"మాల ఎప్పుడు వేసుకున్నారమ్మా?"

చెప్పాను.

"అంతకు ముందు రోజు ఎంత తాగారు?"

తాగుతారా అని అడగలేదు, ఎంత అనే అడిగారు. ఇంక నాకు దాచడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రం సంగతి, పొద్దుటి సంగతి, చేతుల సంగతి, పందిట్లో పడిపోయిన సంగతి మొత్తం చెప్పేశాను. "పొద్దున్న లేవగానే కూడానా?" అన్నారు. "ఆయ్. చేతులు ఆగడానికండి" అన్నాను.

"చూడమ్మా, ఏళ్ళ తరబడి రోజూ మందు పడ్డాక ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు ఇలాగే తిరగబడుతుంది. ఇది పూనకమూ కాదు, పిచ్చీ కాదు. ఇంజెక్షన్లు మొదలెడతాం. రేపూ ఎల్లుండీ గట్టి రోజులు."

"ప్రాణానికి భయమేమైనా ఉందా అండి?"

ఆమె లేదనలేదు. "కార్తీకంలో మాకు ఇలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. మానెయ్యడం మంచి పనేనమ్మా. మా దగ్గరికి వచ్చి, చెప్పి, మానాలి" అని మంచం దగ్గర్నుంచి కదిలారు. కొంచెం దూరం వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు. ఆ చెయ్యి వెయ్యడంతో నాకు భయం తగ్గాల్సింది, పెరిగింది.

మర్నాటికి ఆయన మనిషి మనిషిలా లేరు. సెలైను పీకేసుకున్నారు. లేచి పరిగెత్తబోయారు. మెత్తటి గుడ్డతో మణికట్లు మంచానికి కట్టారు. కట్టినా మెడ తిప్పుకుంటూ మాలని పళ్ళతో పట్టుకుని లాగుతున్నారు. "మెళ్ళో అది తీసెయ్యండమ్మా, పీకకి బిగుసుకుంటుంది" అంది సిస్టరు. మా అత్తయ్య అడ్డంగా నిలబడింది. గురుస్వామి గారికి ఫోను చేశాం. జరిగిందంతా ఆయన ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.

"ప్రాణం కన్నా నియమం ఎక్కువ కాదమ్మా. కన్నతల్లి చేత తీయించండి" అన్నారు చివరికి.

మా అత్తయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నేను తియ్యను. మధ్యలో మాల తీస్తే ఏమవుతుందో మీకెవరికీ తెలీదు. నా చేత్తో నా కొడుకు మీద నేనది చెయ్యలేను."

"అయితే నేను తీస్తాను అత్తయ్యా."

"తియ్యి. వాడికేమన్నా అయితే మాత్రం నీదే పాపం. ఊరందరి ముందూ చెప్తాను."

ఆమె అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఆయన పోతే తాగి పోయాడని ఎవరూ అనరు, పెళ్ళాం మాల తీసేసింది కాబట్టి పోయాడంటారు. మా అమ్మాయి కూడా ఆ మాట వింటూనే పెరుగుతుంది. ఇదంతా తెలిసే మాల తీశాను. పూసలు చెమటకి జిగటగా ఉన్నాయి. తల మీద నుంచి తీస్తుంటే ఆయన నా మొహంలోకి చూశారు గానీ నన్ను చూడలేదు. రుమాల్లో కట్టి జాకెట్లో పెట్టుకున్నాను. అక్కడి నుంచీ ఆయన అరిచినప్పుడు కాదు, అరవడం ఆపినప్పుడల్లా నా గుండె ఆగేది.

ఆ మధ్యాహ్నం వార్డులోకి సముద్రం వచ్చింది. ఆయనకి వచ్చింది. "నీళ్ళు, నీళ్ళొచ్చేశాయి, మగ్గం ఎత్తండి" అని ఒకటే కేకలు. ఆయన చిన్నప్పుడు మా మామగారి ఇల్లు మగ్గంతో సహా సముద్రంలో కలిసిపోయింది. ఆ ఇంటి గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇప్పుడు మంచాల కింద నుంచి నీళ్ళు వస్తున్నాయని, కాళ్ళు పైకి తీసుకోమని వార్డులో అందరినీ పేరు పేరునా బతిమాలుతున్నారు, ఒక్కరి పేరూ సరిగ్గా లేదు. కొందరు నవ్వారు. ప్రకాశం గారు మాత్రం వాచిపోయిన కాళ్ళని చేతులతో పట్టుకుని ఒక్కొక్కటే మంచం మీదికి లాక్కున్నారు.

"నేను ఎత్తేసుకున్నాను తమ్ముడూ. తడవలేదు. నువ్వు పడుకో" అన్నారు.

మా ఆయన ఆ కాళ్ళ వైపు చూసి కాస్త తగ్గారు. ఆ వార్డులో ఆయన మాట నమ్మినట్టు కనబడింది ప్రకాశం గారొక్కరే.

పొద్దు వాలుతుంటే కేకలు తగ్గి వేళ్ళు మొదలయ్యాయి. కట్టిన చేతుల చివర పది వేళ్ళూ గాల్లో ఏదో ఏరుతున్నాయి, ఎక్కిస్తున్నాయి, ముడి వేస్తున్నాయి. సిస్టరుకి అది వణుకులా కనబడింది. నాకు తెలుసు అది ఏమిటో. మగ్గం మీద వదిలేసి వచ్చిన చిలకపచ్చ చీర, అంచు పక్కన మామిడిపిందె. దారం దారం నాకు కనబడుతోంది.

"అందుకో" అన్నారు.

మూడు రోజుల్లో ఆయన నన్ను నన్నుగా అనుకుని అన్న మొదటి మాట అది. అమ్మా అనలేదు, ఎవరండి మీరు అనలేదు. నేను మంచానికి కుడి పక్కకి జరిగి చెయ్యి చాపి, లేని దారం అందుకున్నాను.

"తెగింది చూడు."

"ముడేశానండి."

"గట్టిగా వేశావా?"

"గట్టిగానే వేశాను. మీరు కానివ్వండి."

ఇంజెక్షను పట్టి వేళ్ళు ఆగేదాకా అలా నేస్తూనే ఉన్నాం. కళ్ళెత్తి చూస్తే మా అత్తయ్య ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. తన దుప్పటి తెచ్చి నా భుజాల మీద వేసి, మళ్ళీ వెళ్ళి దూరంగా కూర్చుంది.

సువార్తమ్మ గారు ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది. అప్పుడు చెప్పింది తన కథ.

"మాకు ఈస్టరు ముందు శ్రమల దినాలండి. నలభై రోజులూ ఈయన చుక్క ముట్టుకోరు. తెల్ల చొక్కా వేసుకుని చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. పాస్టరు గారు అందరికీ చూపించి మెచ్చుకునేవారు. ఈస్టరు రోజు పొద్దుటి ఆరాధన అవ్వగానే ఎక్కడుంటారో ఊరందరికీ తెలుసు. అలా ఎన్నేళ్ళో."

"నలభై రోజులైనా మీరు సుఖంగా ఉండేవారు కదండి" అన్నాను.

"ఎక్కడ సుఖం. అందరూ పండగ ఎప్పుడొస్తుందా అని చూసేవారు, నేను రాకూడదని ప్రార్థన చేసేదాన్ని."

ఇది ఆమె నవ్వుతూనే అంది. ప్రకాశం గారు కూడా విని నవ్వారు.

మరో రెండు రోజులకి, ఒక పొద్దున్న, మా ఆయన కళ్ళు తెరిచి "రత్నం, దాహం" అన్నారు. నీళ్ళు తాగి చుట్టూ చూశారు. మెడ తడుముకున్నారు. "నా మాలేది?" అన్నారు. నా దగ్గరుందని చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుని చాలాసేపు ఏడ్చారు. నాకు మాత్రం ఆ ఏడుపు వింటే కడుపు నిండినట్టయింది. ఏడుస్తున్నారంటే ఎవరో తెలిసింది, ఎక్కడున్నారో తెలిసింది.

ఆ రోజే ప్రకాశం గారు నెత్తురు కక్కుకున్నారు. స్ట్రెచరు మీద తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి ఆ మంచానికి కొత్త దుప్పటి వేశారు. సువార్తమ్మ గారు సంచీ, బైబిలు తీసుకోవడానికి వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఫ్లాస్కు నా చేతిలో పెట్టేసింది, ఇంక తనకి అక్కర్లేదంది. మా ఆయన లేచి కూర్చుని చేతులు జోడించారు.

"నీ మొగుడు లేచాడు గదా, ఇంటికి తీసుకెళ్ళు. ఆఖరి రోజు జాగ్రత్తమ్మా" అంది నాతో.

ఆమెకి ఈస్టరు ఎలాగో మాకు మాల తీసే రోజు అలాగ.

మార్గశిరం

ఇంటికొచ్చాక ఆయన మగ్గంలో దిగడానికే కొన్నాళ్ళు పట్టింది. మందుబిళ్ళలు వేసుకునేవారు, చెప్పిన రోజుకి ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళి కూర్చునేవాళ్ళం. అక్కడ వరసలో కూర్చున్నవాళ్ళ చేతులు చూడ్డం నాకు అలవాటైపోయింది. చిలకపచ్చ చీర పూర్తి చేశాం. అందులో ఒక మామిడిపిందె కొంచెం వంకరగా ఉంటుంది, దాన్ని ఎవరు కట్టుకుంటున్నారో గానీ గమనించి ఉండరు.

మా అత్తయ్య ఊరందరికీ ఏమీ చెప్పలేదు. ఊరు మాత్రం తనకి కావలసిందే చెప్పుకుంది. సత్తిబాబు ఒంటి మీదికి స్వామి వచ్చాడు, ఆ దెబ్బతో మందు మానేశాడు అని. పందిట్లో పంచె తడిసిన సంగతి నాకు, మా ఆయనకి, ఇప్పుడు మీకు తెలుసు.

కొండకి వెళ్ళిన బస్సు తిరిగొచ్చింది. గుడిలో మాలలు తీసే రోజు. మేము మగ్గం మీద ఉన్నాం. శరణుఘోష వినిపించింది, ఆగిపోయింది. అటు తరవాత వీధిలో మామూలు మాటలు, మోటారు సైకిళ్ళు. పొద్దున నల్ల బట్టల్లో వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి రంగు చొక్కాల్లో వస్తున్నారు. మా ఆయనతో పాటు మాల వేసుకున్న శ్రీను గేటు దగ్గర నిలబడి పిలిచాడు.

"ఏరా సత్తిబాబూ, అయిపోయిందిరా. మాలలు తీసేశాం. వస్తావా?"

మా ఆయన చెయ్యి దారం మీద ఆగింది. పై పెదవి మీద చెమట పట్టింది. నేను మగ్గం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆపితే ఆగేదైతే ఎప్పుడో ఆపేదాన్ని.

"నాది మీకన్నా ముందే తీసేశార్రా" అన్నారు. శ్రీను నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వెళ్ళలేదు. మాఘంలో ఒక రోజు వెళ్ళారు. దాచి రాయడం ఎందుకు. ఒక రోజు నాలుగైదు రోజులైంది. మళ్ళీ చేతులకి వణుకు పట్టుకోకముందే నేను ఎవరినీ సలహా అడక్కుండా డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. మా అత్తయ్యే ముందు నోరు విప్పింది. "తాగాడండి మావాడు. నాలుగైదు రోజుల నుంచి తాగుతున్నాడు" అని. ఆ మాట చెప్పడానికి ఆమెకి ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

మళ్ళీ ఆశ్వయుజం

మొన్న పొద్దున్న ఆయన మగ్గంలో దిగి కూర్చుని, రుమాలు మూట విప్పి నా ముందు పెట్టారు.

"అమ్మ చెప్తోంది, మధ్యలో ఆగిన దీక్ష అలా వదిలెయ్యకూడదంట. ఈ ఏడు పూర్తి చేస్తాను. నువ్వే తీశావు గదా, నువ్వే వెయ్యి."

ఇప్పుడు ఒంట్లో మందు లేదు కాబట్టి పోయినసారిలా ఒళ్ళు తిరగబడదు. డాక్టరమ్మని అడిగితే వేసుకోమనే అంటారు. వేసుకుంటే మండలం పాటు నేను కంటి నిండా నిద్రపోవచ్చు. ఊరు మళ్ళీ స్వామీ అంటుంది, పిల్ల తండ్రితో బడికి వెళుతుంది. మాల చేతిలోకి తీసుకున్నాను కూడా. సువార్తమ్మ గారు గుర్తొచ్చింది.

"వేస్తే తీసే రోజొకటి ఉంటుంది కదండీ" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. శ్రీను గేటు దగ్గర నిలబడ్డ సాయంత్రం ఆయనకీ గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. మాల తీసుకుని, పూసలు ఒకసారి తడిమి, లేచి మగ్గం గుంజకి ఉన్న మేకుకి తగిలించారు. మళ్ళీ దిగి కూర్చున్నారు.

"మరి ఇలా ఎన్నాళ్ళే?" అన్నారు.

నేను ఎర్ర దారం తీసి ఆయన వైపు చాపాను.

"ఈ పూటకి కానివ్వండి. అందుకోండి."

ఆయన అందుకున్నారు. దారం జారలేదు.